చూసేవాళ్లు ఎందరైనా, చెయ్యి ఒక్కటే



ఇవాళ ఒక్క ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. ఒక కంప్యూటర్‌ని ఇద్దరు నడుపుతున్నప్పుడు, ఈ క్షణాన అది ఎవరి చేతిలో ఉంది?

మన ఇళ్లలో కొన్నేళ్ల కిందటి వరకూ ఈ ప్రశ్నే రాలేదు. కంప్యూటర్ ముందు ఎవరు కూర్చుంటే కీబోర్డు వాళ్లది, మౌస్ వాళ్లది. ఇప్పుడు అలా లేదు. భీమవరంలో ఉన్న కంప్యూటర్‌ని హైదరాబాద్‌లో ఉన్న మనిషి నడపగలడు. అమెరికాలోని సర్వర్లను మాదాపూర్‌లో నైట్ షిఫ్టులో కూర్చున్న మన పిల్లలు చూసుకుంటున్నారు. గుంటూరులో నాన్నగారి లాప్‌టాప్ మొరాయిస్తే, డాలస్‌లో ఉన్న కూతురు అక్కడి నుంచే సరిచేస్తోంది.

ఇది గొప్ప సౌకర్యం. నేను దీనికి వ్యతిరేకిని కాను. కానీ యంత్రం ఒక్కటే. దాని పక్కన ఒక మనిషి, ఎక్కడో దూరంగా ఇంకో మనిషి. ఈ ప్రసంగంలో వాళ్లను దగ్గరి మనిషి అనీ, దూరపు మనిషి అనీ పిలుద్దాం. ఈ ఇద్దరి మధ్యా పొత్తు ఎలా కుదరాలి? అదే మన విషయం.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను, మధ్యలో మళ్లీ మళ్లీ చెబుతాను. చూసేవాళ్లు ఎందరైనా ఉండొచ్చు. చెయ్యి మాత్రం ఒక్కటే ఉండాలి. ఆ చెయ్యి ఎవరిదో దగ్గరి మనిషికి ఎప్పుడూ తెలియాలి.

ఒక దృశ్యం ఊహించుకోండి. తాడేపల్లిగూడెంలో ఒక రైస్ మిల్లు. మార్చి నెలాఖరు. లెక్కలు మూసే రోజులు. గుమాస్తా గారి కంప్యూటర్‌లో అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ఏదో తప్పు చూపిస్తోంది. హైదరాబాద్‌లో ఉన్న సపోర్టు కుర్రాడికి ఫోన్ చేశారు. ఆ అబ్బాయి రిమోట్‌లో స్క్రీన్ మీదికి వచ్చాడు.

"సార్, మౌస్ వదిలేయండి."

"వదిలేశాను బాబూ."

"కదులుతోంది సార్."

"నేను కదపట్లేదయ్యా, నువ్వే కదుపుతున్నావు."

ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. గుమాస్తా గారి మోచెయ్యి మౌస్‌కి తగులుతోంది, అంతే. ఇంతలో ఆయనకు గుర్తొచ్చింది, పొద్దున్న వచ్చిన బిల్లు ఎక్కించలేదని. కుర్రాడు ఎలాగూ ఏదో చూస్తున్నాడు కదా అని, తన కీబోర్డు మీద నలభై ఐదు వేలు కొట్టడం మొదలుపెట్టారు. నాలుగు, అయిదు కొట్టేసరికి అటు కుర్రాడు మౌస్‌తో పక్క గడిలో క్లిక్ చేశాడు. మిగతా మూడు సున్నాలూ ఆ పక్క గడిలో పడ్డాయి. ఒక గడిలో నలభై ఐదు. పక్క గడిలో మూడు సున్నాలు. ఇద్దరూ గమనించలేదు. ఎంటర్ నొక్కారు.

ఇక్కడ యంత్రం చేసిన తప్పేమీ లేదు. ఫలానా కీ నొక్కారు, మౌస్ ఫలానా చోటికి జరిగింది, ఇంతే దానికి అందే కబురు. ఆ కబురు పక్కనున్న చేతి నుంచి వచ్చిందా, రెండొందల మైళ్ల అవతల నుంచి వచ్చిందా అని అకౌంట్ల సాఫ్ట్‌వేర్ చూడదు. రెండు వైపుల నుంచి వచ్చినవాటినీ ఒకే వరసలో పెట్టుకుని, వచ్చింది వచ్చినట్టు అమలు చేసేస్తుంది. ఇద్దరు మనుషుల ఉద్దేశాలు దానికి తెలియవు. తెలియాల్సింది మనుషులకే.

అందుకని ముందు రెండు సంగతులు విడదీసుకుందాం. చూడటం ఒకటి. చెయ్యి వెయ్యడం ఇంకొకటి. ఒకే స్క్రీన్‌ని పదిమంది చూసినా లెక్కల్లో అంకె మారదు. చెయ్యి వేస్తేనే మారుతుంది. కాబట్టి చూపు పంచుకోవడం తేలిక. చెయ్యి పంచుకోవడానికి మాత్రం పద్ధతి కావాలి.

ఈ పద్ధతి కోసం కంప్యూటర్లు తయారుచేసినవాళ్లు చాలా ముందే ఆలోచించారు. అందులో నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ ఒకటి చెబుతాను.

1977లో అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంపెనీ వాక్స్ 11/780 అనే కంప్యూటర్‌ని తెచ్చింది. బీరువాల సైజు యంత్రం. దాని పక్కన ఒక టెర్మినల్ ఉండేది. దాన్ని కన్సోల్ అంటారు. మామూలు టెర్మినల్ నుంచి మన పని మనం చేసుకుంటాం. కన్సోల్ దగ్గర కూర్చున్నవారికి అంతకంటే పెద్ద అధికారం ఉంటుంది. యంత్రాన్నే ఆపొచ్చు, మళ్లీ మొదలుపెట్టొచ్చు, దాని లోపల ఏముందో తీసి చూడొచ్చు. ఒక్క మాటలో చెప్పాలంటే, కన్సోల్ ఎవరిదో యంత్రం వాళ్లది.

ఆ యంత్రం ముఖాన ఒక తాళం ఉండేది. నిజమైన తాళం, నిజమైన తాళంచెవి. ఆ చెవిని తిప్పితే ఐదు స్థానాలు. ఒకటి ఆఫ్. ఇంకోటి లోకల్, అంటే అధికారం పక్కనున్న కన్సోల్‌ది. మరోటి రిమోట్, అంటే అధికారం టెలిఫోన్ లైను అవతల ఉన్నవారిది. మిగతా రెండూ ఆ అధికారాన్ని తాత్కాలికంగా మూసిపెట్టేవి. దగ్గరి వైపు ఒకటి, దూరపు వైపు ఒకటి.

ఇది ఎలా వాడేవారో చూడండి. ఆ కంపెనీకి కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్లో ఒక కేంద్రం ఉండేది. ఎక్కడైనా యంత్రం చెడితే, అక్కడి ఇంజనీరు టెలిఫోన్ లైను మీద దాని లోపలికి వచ్చి పరీక్షలు జరిపేవారు. కానీ ఆయన తనంతట తాను రాలేరు. యంత్రం పక్కనున్న మనిషి తాళంచెవిని రిమోట్ వైపు తిప్పాలి. తిప్పితేనే కన్సోల్ అధికారం ఆయనకు దక్కేది. పని అయ్యాక మళ్లీ లోకల్ వైపు తిప్పేస్తే, అధికారం తిరిగి ఇంటికి వచ్చేసేది.

ఇంకో సంగతి. ఆ కన్సోల్ కాగితం మీద అచ్చువేసే టెర్మినల్. దూరపు ఇంజనీరు ఏం చేస్తున్నారో, యంత్రం ఏం జవాబిస్తోందో, అంతా దగ్గర కూడా కాగితం మీద అచ్చయ్యేలా పెట్టుకునే వీలుండేది. అటూ ఇటూ టైపు చేసుకుంటూ మాట్లాడుకోవడానికి ఒక ఆదేశం ఉండేది. అంటే అధికారం దూరంగా ఉన్నవారి చేతికి వెళ్లినా, చూపు దగ్గరివారి దగ్గరే ఉండేది. మాట ఇద్దరి మధ్యా నడిచేది.

మూసిపెట్టే స్థానం గురించి కూడా ఒక మాట చెప్పాలి. దగ్గరి మనిషి ఎప్పుడూ ఒప్పే చేస్తాడని ఆ తాళం తయారుచేసినవాళ్లు అనుకోలేదు. యంత్రం మీద ఎంతోమంది పనిచేస్తూ ఉంటారు. కన్సోల్ దగ్గర ఎవరో తెలియక తప్పు ఆదేశం కొడితే అందరి పనీ ఆగిపోతుంది. అందుకే మామూలు రోజుల్లో కన్సోల్ అధికారాన్ని మూసిపెట్టి, అవసరమైతేనే తాళంచెవి తిప్పి తెరిచే వీలు పెట్టారు. అధికారం దగ్గరివారిదైనా సరే, నిద్రపోవాల్సిన వేళ నిద్రపోవాలి.

చూపు, మాట, చెయ్యి. ఈ మూడింటినీ విడివిడిగా ఆలోచించారు వాళ్లు. ఇప్పుడు మనం వాడే రిమోట్ సాఫ్ట్‌వేర్లలోనూ ఇదే ఆలోచన వేరు వేరు రూపాల్లో ఉంది.

ఉదాహరణకి, వీఎన్‌సీ అని ఒక ప్రోగ్రాం ఉంది. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో ఒక పరిశోధనశాలలో 1990ల చివర్లో పుట్టింది. దూరంగా ఉన్న కంప్యూటర్ స్క్రీన్‌ని మన స్క్రీన్ మీదికి తెస్తుంది. దాన్ని వాడి మనం ఒక యంత్రంతో కలవబోతే, మన ప్రోగ్రాం మొదటే ఒక సంగతి తేల్చి చెప్పాలి. ఇప్పటికే అక్కడ ఉన్నవాళ్లను ఉండనిస్తావా, లేక వాళ్లను పంపించి నువ్వొక్కడివే ఉంటావా? చూడండి, తలుపు దగ్గరే ఆ ప్రశ్న. స్క్రీన్ మీద బొమ్మ రాకముందే, ఎవరెవరు ఉండాలన్న సంగతి తేలాలి.

సర్వర్లు చూసేవాళ్లు వాడే కన్సర్వర్ అనే ఇంకో ప్రోగ్రాం ఉంది. అది మరీ ముచ్చటైన పద్ధతి. ఒక యంత్రం కన్సోల్‌కి చాలామంది తగులుకోవచ్చు. కానీ ఒక్కరికే రాసే హక్కు. మిగతావాళ్లంతా చూస్తూ ఉంటారు. ఎవరికైనా అత్యవసరమైతే ఆ హక్కు లాక్కోవచ్చు కూడా. కానీ లాక్కుంటే, అప్పటిదాకా రాస్తున్న మనిషి స్క్రీన్ మీద కబురు పడుతుంది. నీ చెయ్యి ఫలానావారు తీసుకున్నారు, ఇక నువ్వు చూసేవాడివి మాత్రమే అని. చెయ్యి మారిందన్న సంగతీ, ఎవరికి మారిందన్న సంగతీ ఒకేసారి తెలుస్తాయి.

మనలో చాలామంది వాడే విండోస్‌లో రెండు దారులున్నాయి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నుంచీ ఉన్నాయి. మొదటి దారి రిమోట్ డెస్క్‌టాప్. దూరపు మనిషి లోపలికి రాగానే, దగ్గరి స్క్రీన్ మీద తాళం పడుతుంది. పక్కన కూర్చున్నవారికి ఏమీ కనపడదు. రెండో దారి రిమోట్ అసిస్టెన్స్. ఇద్దరికీ ఒకే స్క్రీన్ కనపడుతుంది. దూరపు మనిషి చెయ్యి వెయ్యాలంటే ముందు అడగాలి. దగ్గరి మనిషి సరే అనాలి. ఇష్టం లేకపోతే ఆపేయొచ్చు.

రెండింట్లో ఏది మంచిది? రెండూ మంచివే, వేటి పని వాటిది. ఆఫీసులో నా కంప్యూటర్‌ని నేనే ఇంటి నుంచి వాడుకుంటున్నాను అనుకోండి. అక్కడ నా కుర్చీ ఖాళీగా ఉంది. దారిన పోయేవాళ్లు నా ఉత్తరాలు చదవకూడదు. అప్పుడు స్క్రీన్ మూయడమే సబబు. కానీ నా కంప్యూటర్‌ని ఇంకొకరు వచ్చి బాగుచేస్తుంటే, స్క్రీన్ నాకు కనపడాల్సిందే. నా ఇంట్లో పని జరుగుతున్నప్పుడు నా కళ్లు మూయడానికి ఎవరికీ హక్కు లేదు.

ఇంతవరకూ యంత్రాల గురించి చెప్పాను. ఇక మనుషుల సంగతికి వద్దాం. ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నా, చెయ్యి మారేటప్పుడు మాట ఉండాలి.

మన ఊళ్లలో కరెంటు పని దగ్గరుండి చూసినవాళ్లకి ఎల్‌సీ అన్న మాట తెలిసే ఉంటుంది. లైన్ క్లియర్. స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్‌లో ఉన్న ఆపరేటర్‌ని ఎల్‌సీ అడుగుతాడు. ఆపరేటర్ ఆ ఫీడర్‌ని ఆపుతాడు. ఫలానా లైను మీద ఫలానా మనిషికి ఎల్‌సీ ఇచ్చానని రాసుకుంటాడు. అక్కడి నుంచి ఆ లైను మీద మాట ఆ లైన్‌మన్‌దే. ఊళ్లో కరెంటు లేదని ఎంతమంది ఫోన్లు చేసినా, లైను ఛార్జ్ చెయ్యకూడదు. ఎల్‌సీ తీసుకున్న మనిషి కిందికి దిగి, పని అయిపోయింది, ఎల్‌సీ రిటర్న్ అని చెప్పాకే స్విచ్ మీద చెయ్యి పడాలి. ఈ క్రమంలో ఒక్క మాట తప్పితే ఒక ప్రాణం పోతుంది. అలా పోయిన ప్రాణాల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

కంప్యూటర్ దగ్గర కూడా అంత నిష్ఠ కావాలని నేను నమ్ముతాను. పెద్ద పనేమీ కాదు. మూడు చిన్న మాటలు చాలు.

"సార్, మౌస్ నేను తీసుకుంటున్నాను."

"తీసుకో బాబూ."

"తీసుకున్నాను సార్."

అడగడం, ఒప్పుకోవడం, అందిందని చెప్పడం. తిరిగి ఇచ్చేటప్పుడూ అంతే. పని అయిపోయింది, మీకు ఇచ్చేస్తున్నాను అనాలి. తీసుకున్నాను అన్న జవాబు వినాలి. అప్పుడే వెళ్లాలి. చాలామంది తీసుకునేటప్పుడు చెబుతారు. ఇచ్చేటప్పుడు మరిచిపోతారు. రిమోట్ లైను తెరిచి ఉండగానే భోజనానికి వెళ్లిపోతారు. ఆ తెరిచి ఉన్న లైనే రేపటి చిక్కు.

ఆ చిక్కు ఎంత పెద్దదో చెప్పడానికి రెండు నిజమైన సంఘటనలు చెబుతాను.

మొదటిది అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలో ఓల్డ్స్‌మార్ అనే చిన్న ఊరు. 2021 ఫిబ్రవరి 5. ఊరికి మంచినీళ్లు శుద్ధి చేసే ప్లాంటు. అక్కడ కంప్యూటర్ ముందు ఒక ఆపరేటర్ కూర్చుని ఉన్నారు. పొద్దున్న ఎవరో రిమోట్‌లో తన కంప్యూటర్‌లోకి వచ్చినట్టు ఆయన గమనించారు. పట్టించుకోలేదు. ఎందుకంటే పై అధికారి అప్పుడప్పుడూ అలాగే వచ్చి చూసిపోవడం అలవాటు. మధ్యాహ్నం మళ్లీ వచ్చారు. ఈసారి మౌస్ బాణం దానంతట అది కదులుతోంది. ఒక్కొక్కటే తెరుస్తోంది. నీళ్లలో కలిపే కాస్టిక్ సోడా మోతాదు దగ్గరికి వెళ్లింది. పది లక్షల భాగాల్లో 100 అని ఉన్నదాన్ని 11,100 చేసింది.

ఆపరేటర్ కుర్చీలోనే ఉన్నారు. ఆ బాణం వెళ్లిపోగానే అంకెను వెనక్కి మార్చేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. దగ్గరి మనిషి చూస్తూ ఉండటం వల్ల ముప్పు తప్పింది.

మొదట అందరూ అది బయటివాళ్ల దాడి అనుకున్నారు. ప్రపంచమంతా అలాగే వార్తలు వచ్చాయి. తర్వాత ఎఫ్‌బీఐ, బయటి నుంచి కావాలని చొరబడ్డారని ధ్రువపరచలేకపోయింది. 2023లో ఆ ఊరి మాజీ సిటీ మేనేజర్, అది లోపలి ఉద్యోగి పొరపాటే అయ్యుంటుందని బహిరంగంగా అన్నారు. మరి ఎందుకు తేలలేదు? ఒక్క సంగతి గమనించండి. ఆ ప్లాంటు కంప్యూటర్లన్నింటికీ రిమోట్‌లో రావడానికి ఒకే పాస్‌వర్డ్ వాడుతున్నారని తర్వాత బయటపడింది. అందరిదీ ఒకే తాళంచెవి అయితే, తలుపు తీసింది ఎవరో చెప్పేదెలా?

నాకు అది దాడా కాదా అన్న సంగతి కంటే, పొద్దున్న జరిగిందే ముఖ్యం. స్క్రీన్ మీద ఒక చెయ్యి కదిలింది. ఎవరిదో అడగలేదు. పై అధికారిదే అయ్యుంటుంది అనుకున్నారు. ఆ అనుకోవడంలోనే ప్రమాదం ఉంది. చెయ్యి ఎవరిదో దగ్గరి మనిషికి తెలియాలి. ఊహించుకుంటే చాలదు. తెలియాలి.

రెండో సంఘటన ఉక్రెయిన్‌లో. 2015 డిసెంబర్ 23. ఇవానో ఫ్రాంకివ్స్క్ అనే ప్రాంతంలో కరెంటు పంపిణీ కంట్రోల్ రూము. మధ్యాహ్నం వేళ. ఆపరేటర్ కళ్లముందే మౌస్ బాణం కదిలింది. సబ్‌స్టేషన్ల బ్రేకర్లను ఒక్కొక్కటే ఆపుకుంటూ పోతోంది. ఆయన మౌస్ పట్టుకున్నారు. అది మాట వినలేదు. చూస్తుండగానే ఆయన్ని లోపలి నుంచి బయటికి తోసేసింది. మళ్లీ వెళ్దామంటే పాస్‌వర్డ్ మార్చేశారు. మూడు కంపెనీల మీద అదే రోజు అదే దాడి. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు చలికాలంలో కరెంటు పోయింది.

ఓల్డ్స్‌మార్‌లో దగ్గరి మనిషి చెయ్యి పనిచేసింది. ఇక్కడ పనిచెయ్యలేదు. చూపు మిగిలింది, చెయ్యి పోయింది. తన యంత్రాన్ని తాను వెనక్కి తీసుకునే దారి లేకుండా పోయింది.

మరి కరెంటు ఎలా వచ్చింది? మనుషులు వాహనాలెక్కి సబ్‌స్టేషన్లకు వెళ్లారు. బ్రేకర్లను చేత్తో వేశారు. కొన్ని గంటల్లో వెలుగు తిరిగొచ్చింది. కంట్రోల్ రూము నుంచి నడిపే దారి మూసుకుపోయినా, యంత్రం దగ్గర చేత్తో వేసే వీలు ఇంకా ఉంది కాబట్టి ఆ రాత్రి గడిచింది. ఆ వీలు తీసేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

అందుకే ఇంకో మాట చెబుతున్నాను. వెనక్కి తీసుకునే హక్కు దగ్గరి మనిషికి ఉండాలి. దూరపు మనిషి ఎంత తెలివైనవారైనా, ఎంత పెద్ద పదవిలో ఉన్నా, యంత్రం పక్కనున్నవారు చాలు అంటే ఆగిపోవాలి. ఆ ఆపే మీట దూరపువారి దయ మీద ఆధారపడకూడదు.

ఇంకో వైపు కూడా చూద్దాం. దూరపు చెయ్యి అసలు అందకుండా పోతే?

2021 అక్టోబర్ 4 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మనకు రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్ ఆగిపోయింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కూడా. దాదాపు ఆరు గంటలు ప్రపంచమంతా ఆగింది. మామూలు మరమ్మత్తు పనిలో ఇచ్చిన ఒక ఆదేశం ఫేస్‌బుక్ కంపెనీ డేటా సెంటర్లను కలిపే లైన్లన్నింటినీ తెంచేసింది. ఇంజనీర్లు దూరం నుంచి సరిచేద్దామంటే, వాళ్లు వెళ్లాల్సిన దారి కూడా ఆ లైన్లతోనే పోయింది. అలాంటి వేళల కోసం వేరేగా పెట్టుకున్న దారి కూడా పనిచెయ్యలేదు. చివరికి మనుషులను డేటా సెంటర్లకు పంపించారు. ఆ భవనాల్లోకి వెళ్లడమే కష్టం. వెళ్లాక ఆ యంత్రాల మీద చెయ్యి వెయ్యడం ఇంకా కష్టం. భద్రత కోసం అలా కట్టారు. దాంతో ఆలస్యమైంది.

2024 జూలై 19 ఇంకా దగ్గరి సంగతి. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం స్క్రీన్ దగ్గర ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఆ బొమ్మ మీరూ చూసే ఉంటారు. తప్పు ఏమిటో కొద్ది గంటల్లోనే తెలిసింది. అయినా చాలాచోట్ల రోజులు పట్టింది. ఎందుకంటే కంప్యూటర్ పూర్తిగా లేచి నిలబడితే గానీ మామూలు రిమోట్ దానికి అందదు. ఒక్కో కంప్యూటర్ దగ్గరికి ఒక మనిషి వెళ్లి, దాన్ని సేఫ్ మోడ్‌లో లేపి, ఆ తప్పు అప్‌డేట్ ఫైల్ తీసెయ్యాల్సి వచ్చింది.

పెద్ద సర్వర్లలో దీనికి ఒక ఉపాయం ఉంటుంది. సర్వర్ లోపలే ఇంకో చిన్న కంప్యూటర్ పెడతారు. పెద్దది పడిపోయినా చిన్నది మెలకువగా ఉంటుంది. దానికి వేరే దారి ఉంటుంది. ఆ దారిలో వెళ్లి, పడిపోయిన సర్వర్‌ని లేపొచ్చు. మంచి ఉపాయం. కానీ ఆ దారి నిజంగా వేరుగా ఉండాలి. పెద్ద దారి తెగినప్పుడు చిన్న దారి కూడా తెగితే, రెండు దారులున్నాయని చెప్పుకోవడం వృథా. ఇక ఆ చిన్న దారికి కూడా కాపలా గట్టిగా ఉండాలి. ఎందుకంటే అది కన్సోల్. కన్సోల్ ఎవరిదో యంత్రం వాళ్లది.

ఇప్పుడు ఆఫీసుల సంగతి వదిలి మన ఇళ్లకు వద్దాం. ఇవాళ ఈ మాటలన్నీ చెప్పడానికి అసలు కారణం ఇదే.

మనలో చాలామందికి ఫోనే కంప్యూటర్. అది జేబులో ఉంటుంది. దానికి కూడా దూరపు చెయ్యి వస్తుంది. బ్యాంకు నుంచి అంటూ ఒక ఫోన్ వస్తుంది. మీ కేవైసీ ఆగిపోయింది సార్, నేను సాయం చేస్తాను, ఒక యాప్ వేసుకోండి అంటాడు. ఆ యాప్ దొంగ యాప్ కాదు. ఎంతోమంది నిజాయితీగా వాడుకునే రిమోట్ యాప్. వేసుకోగానే అది ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకె చెప్పండి అంటాడు. చెబితే, సరే నొక్కండి అంటాడు. నొక్కితే అయిపోయింది. తాళంచెవి మీ చేత్తోనే రిమోట్ వైపు తిప్పించాడు. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంకు ఎనీడెస్క్ అనే యాప్ పేరు చెప్పి మరీ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. పేర్లు మారుతుంటాయి. పద్ధతి మాత్రం అదే.

ఇక్కడ మొదట చెప్పిన మాటకు ఒక సవరణ చెప్పాలి. చూసేవాళ్లు ఎందరైనా ఉండొచ్చు అన్నాను. కంప్యూటర్ బాగుచేసేటప్పుడు అది నిజం. కానీ మన ఫోన్ విషయంలో చూపే తాళంచెవి. ఓటీపీ స్క్రీన్ మీద పడుతుంది. మీరు నోటితో చెప్పకపోయినా, స్క్రీన్ చూస్తున్న మనిషికి అది కనపడుతుంది. మౌస్ కదలక్కర్లేదు, ఏమీ నొక్కక్కర్లేదు. చూస్తే చాలు, డబ్బు పోతుంది. కాబట్టి తెలియని మనిషికి చెయ్యీ ఇవ్వొద్దు, చూపూ ఇవ్వొద్దు.

అలాగని సాయం తీసుకోవద్దని కాదు. డాలస్‌లో ఉన్న కూతురు నాన్నగారికి సాయం చెయ్యాల్సిందే. కాకపోతే ఫోన్ చేసింది తన కూతురే అని ఆయనకు గొంతు విని తెలుసు. పని మొదలుపెట్టే ముందు ఆ అమ్మాయి, "నాన్నా, ఇప్పుడు మౌస్ నేను కదుపుతున్నాను, నువ్వు చూస్తూ ఉండు" అని చెప్పాలి. అయ్యాక, "అయిపోయింది నాన్నా, నేను వెళ్లిపోతున్నాను, ఆ కిటికీ మూసెయ్యి" అని చెప్పాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు రావడానికి శాశ్వతమైన పాస్‌వర్డ్ పెట్టి వెళ్లిపోతే సౌకర్యమే. కానీ ఆ తలుపు ఆమెకు మాత్రమే తెరుచుకుంటుందన్న హామీ లేదు. ప్రతిసారీ అడిగి రావడమే పద్ధతి.

చెప్పినవన్నీ ఒకసారి కూడదీసుకుందాం.

మొదటిది. చెయ్యి ఒకసారికి ఒక్కటే ఉండాలి. అది ఎవరిదో దగ్గరి మనిషికి తెలియాలి. అందుకోసం ఎవరి పాస్‌వర్డ్ వాళ్లకు ఉండాలి. నలుగురికి ఒకటే పెడితే, చెయ్యి ఎవరిదో ఎప్పటికీ తేలదు.

రెండోది. చెయ్యి మారేటప్పుడు నోటితో చెప్పాలి, చెవితో వినాలి. తీసుకునేటప్పుడు, ఇచ్చేటప్పుడు, రెండుసార్లూ.

మూడోది. వెనక్కి తీసుకునే హక్కు యంత్రం పక్కనున్నవారిది. ఆఫీసులు నడిపేవాళ్లకు నా మనవి. దూరం నుంచి అన్నీ నడుస్తున్నాయి కదా అని దగ్గరున్న మనిషిని తీసెయ్యకండి. ఉంచినవారికి పని నేర్పండి. దూరపు దారి తెగినప్పుడు చేత్తో ఎలా నడపాలో ఏడాదికి ఒక్కసారైనా నిజంగా చేయించి చూడండి.

చివరగా ఒక మాట. మనకు పెద్దలంటే గౌరవం. అధికారి అంటే బెరుకు. ఫోన్‌లో అవతలి మనిషి ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడితే, మీరెవరు అని అడగడానికి మొహమాటం. రైస్ మిల్లు గుమాస్తా గారికైనా, కంట్రోల్ రూము ఆపరేటర్‌కైనా, ఇంట్లో మన అమ్మకైనా ఆ మొహమాటం ఒకటే. నా స్క్రీన్ మీద చెయ్యి వేసిందెవరు అని అడగడం అమర్యాద కాదు. అది మీ యంత్రం, మీ పని, మీ డబ్బు. అడగడం మీ హక్కు. నిజంగా సాయం చెయ్యడానికి వచ్చినవారు ఆ ప్రశ్నకు సంతోషంగా జవాబు చెబుతారు. కోప్పడ్డారంటే, అక్కడే అనుమానించాలి. వెంటనే ఇంటర్నెట్ ఆపేయండి. డబ్బు పోయిందని అనుమానం వస్తే ఆలస్యం చెయ్యకుండా 1930 నంబరుకి ఫోన్ చెయ్యండి. మళ్లీ చెబుతున్నాను, 1930.

ఈ రాత్రే మీ ఇంట్లోవాళ్ల ఫోన్లు, కంప్యూటర్లు ఒకసారి చూడండి. ఎప్పుడో ఎవరో వేసి వదిలేసిన రిమోట్ యాప్ ఉందేమో వెతకండి. అవసరం లేకపోతే తీసెయ్యండి. పది నిమిషాల పని. దయచేసి చెయ్యండి.